మా ప్రెస్సు వాట్సాప్ గ్రూపుకి, నీ అడ్మిన్ రాయునది

గ్రూపు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమమే, ఫోన్లలో జాగా మాత్రం లేదు. నువ్వూ క్షేమంగానే ఉంటావని తెలుసు, ఎందుకంటే పొద్దున్న ఐదున్నరకే ఎవరో ఒకరు నీలో ఉదయించే సూర్యుణ్ణి, గులాబీని, కాఫీ కప్పుని పెట్టి శుభోదయం చెబుతున్నారు. అలా చెప్పినవాళ్లే డ్యూటీకి పదింపావుకి వస్తున్నారు, అది వేరే సంగతి.

నిన్ను పెట్టింది నేనే, కాదనను. విజయవాడ గవర్నర్‌పేట సందులో పద్నాలుగు మంది పనిచేసే ప్రెస్సు మాది. కింద మిషన్లు, పైన డీటీపీ, మెట్ల కింద బైండింగు, అద్దాల గదిలో నేను. మెట్లెక్కి దిగే పని తప్పుతుందని, ఒక్కసారి టైపు చేస్తే అందరికీ చేరిపోతుందని, మేనేజ్‌మెంటంటే ఇదేనని అనుకున్నాను. నీకు "ప్రెస్ ఫ్యామిలీ" అని పేరు పెట్టాను. నెల తిరక్కుండా నీకో తమ్ముడు పుట్టాడు, "ప్రెస్ వర్క్ ఓన్లీ". ఆ తర్వాత "ప్రెస్ అర్జెంట్". ఇప్పుడు అర్జెంటులోనూ శుభోదయాలే. నేను లేని గ్రూపు ఒకటి వీళ్లకుందని, అసలు పని అందులోనే నడుస్తుందని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి వాళ్లకి తెలియదు.

నీలో నాకు బాగా నచ్చింది ఆ నీలం టిక్కులు. 2014లో అవి వచ్చినప్పటి నుంచి నాలాంటి యజమానులకి నిద్ర చెడింది. చూశాడా లేదా, చూస్తే ఎన్నింటికి చూశాడు, చూసి కూడా జవాబివ్వలేదంటే దాని అర్థమేమిటి? రాత్రి పదకొండింటికి "ఆ బిల్లు బుక్కులు ఏమయ్యాయి?" అని పెట్టి, మెసేజ్ ఇన్ఫోలోకి వెళ్లి, చదివినవాళ్ల పేర్లు హాజరు పట్టీలా లెక్కపెట్టుకునేవాణ్ణి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి పనివేళలు దాటాక ఉద్యోగి ఫోన్ పక్కన పడేసే హక్కుకి చట్టంలో చోటిచ్చారని మా ఆవిడ ఒకరోజు నాకు వార్త చదివి వినిపించింది. ఆవిడకి ఫ్రాన్స్ మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో మరి.

2018లో మీ కంపెనీవాళ్లు, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేసే సౌకర్యం కూడా ఇచ్చారు. వారం రోజులు వేసి చూశాను. ప్రాణానికి ఎంత హాయో! "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని డప్పు కొట్టుకుంటూ పోయే చాటింపువాడు కూడా ఇంత సుఖపడి ఉండడు, వాణ్ణి కనీసం పిల్లలైనా వెంటబడి ఏదో ఒకటి అడుగుతారు. కాకపోతే ఆ వారంలోనే కరపత్రాల కాగితం అయిపోయింది, స్టోరు కుర్రాడు కిక్కురుమనలేదు. అడిగితే "మీరే మూసేశారు కదండీ" అన్నాడు.

ఇక అసలు గొడవకొస్తా. మాఘమాసం, పెళ్లిళ్ల రద్దీ, ఒకాయన కూతురి శుభలేఖలు ఆరువందలు. ముహూర్తం గురువారం రాత్రి 3-42. అంటే మామూలు లెక్కలో శుక్రవారం వచ్చేసినట్టే, కానీ మన పంచాంగానికి సూర్యుడు ఉదయిస్తేగానీ రోజు మారదు కాబట్టి శుభలేఖలో "గురువారం రాత్రి 3-42 ని.లకు (తెల్లవారితే శుక్రవారం)" అని వేస్తాం. డీటీపీ అమ్మాయి కొత్తది, అర్ధరాత్రి దాటింది కదా అని మంచి ఉద్దేశంతోనే "శుక్రవారం రాత్రి 3-42" అని కొట్టింది. అలా చదువుకుని వచ్చిన చుట్టాలకి, పెళ్లికూతురు కాకుండా ఖాళీ పందిరి ఎదురొస్తుంది. పెళ్లికూతురి తండ్రి ప్రూఫ్ చూసి, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఫోటో తీసి నాకు పంపాడు. నేను బండి మీద ఉన్నాను. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. ఆ ఫోటోని నీలోకి తోసి, కింద రాశాను: "ఇది చూసి ఓకే చేయండి."

నలుగురు బొటనవేలు పెట్టారు. నాకు గుండె నిండిపోయింది.

మర్నాడు పొద్దున్న వచ్చేసరికి ఆరువందల కార్డులు, పసుపు బొట్లతో సహా, శుక్రవారం రాత్రి మీద మెరిసిపోతున్నాయి. ఒక్కో కార్డు 22 రూపాయలు, అంటే 13,200 బూడిదలో పోసిన పన్నీరు. నేనేం చేశాను? కిందికి దిగి అడిగానా? లేదు. అద్దాల గదిలో కూర్చుని, మిషన్ ఆపరేటర్‌ని పేరు పెట్టి నీలోనే తిట్టాను, పదమూడు మంది చదివేలా. చదివారు. టిక్కులన్నీ నీలమయ్యాయి. ఐదు నిమిషాలకి బుద్ధొచ్చి డిలీట్ చేస్తే, అక్కడ మెసేజ్ డిలీట్ చేసిన గుర్తు మిగిలింది. దాంతో చూడనివాళ్లకి చూసినవాళ్లు చెప్పారు, ఇంకాస్త కలిపి.

మధ్యాహ్నానికి అతను గ్రూపు వదిలేశాడు. 2022 నుంచి ఎవరైనా వదిలితే అడ్మిన్లకి తప్ప మిగతావాళ్లకి కబురు వెళ్లదు కదా, అతని పరువు నువ్వు ఆ మాత్రమైనా కాపాడావు, నేనైతే కాపాడలేదు. అప్పుడు దిగాను మెట్లు. మిషన్ ఆపకుండానే, తల తిప్పకుండానే అన్నాడు: "మీరు ఓకే చేయమన్నారు కదా సార్." ఫోన్ తీసి నా మెసేజ్ నేనే చదువుకున్నాను. ఓకే చేయడమంటే దిద్దడం అని నా లెక్క, ప్లేటు మిషన్‌కి ఎక్కించి అచ్చేసేయడం అని అతని లెక్క. నాలుగు బొటనవేళ్లకి నాలుగు అర్థాలట, అందులో ఒకటి "ఫోటో ఓపెన్ కావట్లేదు, తర్వాత చూస్తా".

ఓకే అనే మాటకి ఇంత కథ ఉంటుందని నాకు తెలియదు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు. టవర్ నుంచి వచ్చిన మాటలో ముందున్న "ఓకే" ఒక్కటే ఒక విమానానికి సరిగ్గా వినబడింది, వెనకాల వచ్చిన "ఆగండి, టేకాఫ్‌కి నేను పిలుస్తా" అన్నది రేడియో గోలలో కలిసిపోయింది. ఆ తర్వాత నియమాలు బిగించారు, ఓకే అంటే సరిపోదు, చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పాలి. శుభలేఖలకీ దానికీ పోలిక పెట్టడం తప్పే, ఒప్పుకుంటా.

తిరిగి అప్పజెప్పడం అంటే నాకు మా బైండింగ్ బాబాయ్ గుర్తొచ్చాడు. మా నాన్న రోజుల నుంచి ఉన్నాడు, చేతిలో బటన్ ఫోను, అందుకే నీలో లేడు. లేడు కాబట్టి ఆయనకి పని చెప్పాలంటే నేనే మెట్ల కిందికి వంగి వెళ్లాలి, ఆ విసుగు నాకు రోజూ ఉండేది. నేను గబగబా చెప్పి తిరగబోతే చేత్తో ఆపేవాడు. "అంటే అబ్బాయిగారూ, బిల్లు బుక్కులు రెండొందలు, నంబరు వెయ్యిన్నొకటి నుంచి, రెండో కాపీ పచ్చ కాగితం, సాయంత్రం బండికి. అంతేగా? మరి బుక్కుకి యాభయ్యా, వందా? మీరు చెప్పలేదు." నిజమే, చెప్పలేదు. అర నిమిషం పని. నువ్వొచ్చిన ఈ ఆరేళ్లలో తప్పు జరగని విభాగం ఏదైనా ఉందంటే అది బైండింగే, నేనేమో ఆయన్ని పాతకాలం మనిషని మిగతావాళ్ల ముందు వేళాకోళం చేసేవాణ్ణి.

అందుకే ఇప్పుడు పొద్దున్న పది కాగానే కటింగ్ మిషన్ దగ్గర నిలబడుతున్నాను. ఎవరి పని వాళ్ల నోటితోనే చెప్పించుకుంటున్నాను, ఎవరు, ఏది, ఎప్పటికి. మొదటి మూడు రోజులు నాకేదో అయిందని మా ఆవిడకి ఫోన్ కూడా చేశారట. తిట్లు అద్దాల గదిలో తలుపేసి, మెచ్చుకోళ్లు మిషన్ల దగ్గర, ఇది మాత్రం ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు, మెచ్చుకోబోతే నాకే సిగ్గేస్తోంది. ఆపరేటర్‌కి మిషన్ దగ్గరే, అందరూ ఉండగానే సారీ చెప్పాను. మిషన్ చప్పుడులో వినబడిందో లేదోనని రెండోసారి చెబితే "మొదటిసారే వినబడింది సార్" అన్నాడు.

నీకు సెలవు చీటీలు, స్టాకు ఫోటోలు, శుభోదయాలు వదిలేశాను. వాటితో హాయిగా బతుకు.

ఒక్క ఇబ్బంది వచ్చిపడింది. మొన్న సంక్రాంతికి బాబాయ్‌కి కొడుకు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాడు. అద్దాల గదిలోకి వచ్చి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, "అబ్బాయిగారూ, నన్నూ అందులో కలపండి" అని అడిగాడు. నీలో 1024 మందికి చోటుంది, మేం పద్నాలుగురం. గ్రూపు నిండిపోయింది బాబాయ్ అని చెప్పాను.

ఇట్లు,
నీ అడ్మిన్