నేర్పరు, రాదంటారు

యువతకు ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే కేంద్ర పథకం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనపై 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక చదివితే ఒళ్లు మండుతుంది. పరిశీలించిన సుమారు 95.90 లక్షల మంది అభ్యర్థుల వివరాల్లో 94 శాతానికి పైగా బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీయో కనిపించాయి. కొన్నిచోట్ల వరుసగా ఒకట్లు కొట్టి వదిలేశారు. ఒకే ఫొటో వేర్వేరు పేర్ల పక్కన దర్శనమిచ్చింది. మూడు విడతల్లో 14 వేల కోట్ల రూపాయలకు పైగా కేటాయించిన పథకం ఇది. దొంగ లెక్కల మీద విచారణ జరగాల్సిందే. కానీ మా కోపం అక్కడితో ఆగదు. ఆ ఖాతాలన్నీ సరిగ్గా నింపి, ఆ ఫొటోలన్నీ అసలైనవే అయి ఉంటే మాత్రం ఏం ఒరిగేది? కొద్ది వారాలు గదిలో కూర్చోబెట్టి చేతికిచ్చిన ధ్రువపత్రంతో ఒక కుర్రవాడు లేత్ మిషన్ ముందు నిలబడి పని చేయగలడా? చేయలేడని పత్రం ఇచ్చినవారికి తెలుసు, తీసుకున్నవాడికి తెలుసు, ఉద్యోగం ఇవ్వని కంపెనీకి ఇంకా బాగా తెలుసు.

ఆ కంపెనీల సంగతే ఇప్పుడు మాట్లాడాలి. శ్రీసిటీ, అచ్యుతాపురం, జీడిమెట్ల, పాశమైలారం... ఏ పారిశ్రామికవాడలో అడిగినా యాజమాన్యాలది ఒకటే పాట: స్థానికుల్లో నైపుణ్యం ఉన్నవారు దొరకడం లేదు. ఐటీఐలో రెండేళ్లు ఫిట్టర్ ట్రేడు చదివి గేటు ముందుకు వచ్చినవాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న, అనుభవం ఉందా అని. అనుభవం గేటు లోపల ఉంది. లోపలికి రానివ్వనివారే అది లేదని వెనక్కి పంపుతున్నారు. వెల్డింగు, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషన్ నడపడం, మందుల ఫ్యాక్టరీలో రియాక్టరు దగ్గర జాగ్రత్తగా మసలుకోవడం నల్లబల్ల మీద వచ్చే విద్యలు కావు. పని జరిగే చోటే, పని వచ్చినవాడి పక్కనే అవి అబ్బుతాయి.

ఇది తెలియకనా పనిచేస్తూ నేర్చుకునేవారి కోసం 1961లోనే అప్రెంటిస్ చట్టం చేసుకున్నాం? కాంట్రాక్టు సిబ్బందిని కూడా లెక్కలో కలిపి 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019 నాటి నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. తీసుకోకపోతే? 2014కు ముందు ఆరు నెలల దాకా జైలుశిక్షకు వీలుండేది. ఆ ఏడాది సవరణతో జైలు మాట ఎత్తేశారు. ఖాళీగా వదిలిన ఒక్కో సీటుకు మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, ఆ తర్వాత నెలకు 1,000 రూపాయల జరిమానాతో సరిపెట్టారు. ఐటీఐ పూర్తిచేసిన అప్రెంటిస్‌కు అవే 2019 నిబంధనల ప్రకారం ఇవ్వాల్సిన కనీస స్టైపెండు నెలకు 7 వేలు. అందులో పావు వంతు, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. అది పోయినా 5,500 మిగులుతుంది. నేర్పితే 5,500, నేర్పకపోతే 1,000. నేర్పకపోవడమే చౌక అని చట్టమే లెక్క కట్టి యాజమాన్యాల చేతిలో పెట్టాక, నైపుణ్యం కొరత గురించి వేదికలెక్కి ఆవేదన చెందడానికి పాలకులకు నోరెలా వస్తోంది?

నేర్పిన కాలమూ ఒకటుంది. హైదరాబాద్‌లో ప్రాగా టూల్స్, హెచ్ఎంటీ, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ వంటి ప్రభుత్వరంగ సంస్థలు పదో తరగతి, ఐటీఐ చదివిన పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుని సీనియర్ కార్మికుల పక్కన నిలబెట్టేవి. ఆకురాయి పట్టడం దగ్గర మొదలుపెట్టి మైక్రోమీటరు చదవడం, డ్రాయింగు చూసి జాబ్ (చెక్కాల్సిన లోహ భాగం) కట్టడం, టూలుకు పదును పెట్టుకోవడం వరకు వాళ్లు చేస్తూ నేర్చుకున్నారు. జాబ్ చెడగొట్టి తిట్లు తిన్నారు, మళ్లీ చేశారు. ఆ షాపుల్లో చేయి తిరిగినవారిలో ఎందరో బయటికి వచ్చి బాలానగర్ చుట్టుపక్కల సొంత షెడ్లు వేసుకున్నారు. తమకు పని నేర్పిన సంస్థలకే విడిభాగాలు చేసిపెట్టారు, తమ దగ్గర మరో నలుగురికి పని నేర్పారు. 1968లో అక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ రావడం దానికి తోడైంది. అంతరిక్ష, రక్షణ సంస్థలకు ఈనాటికీ హైదరాబాద్ చిన్న పరిశ్రమలు సూక్ష్మమైన భాగాలు అందించగలుగుతున్నాయంటే ఆ పునాదే కారణం. ఏ మూడు నెలల కోర్సూ దాన్ని వేయలేదు. ఆ సంస్థల్లో కొన్ని మూతపడ్డాయి, కొన్ని చిక్కిపోయాయి. వాటి స్థానంలోకి వచ్చిన ప్రైవేటు పరిశ్రమ భూమి తీసుకుంది, నీళ్లు తీసుకుంది, రాయితీలు తీసుకుంది. నేర్పే బాధ్యతను మాత్రం తీసుకోలేదు.

ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అంటూ చట్టం చేసినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. రాజ్యాంగం ఒప్పుతుందా అన్నారు. అదే దారిలో నడిచిన హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది కూడా. అయితే ఆంధ్రప్రదేశ్ చట్టంలో ఇంకో మాట ఉంది. అర్హులైన స్థానికులు దొరకకపోతే ప్రభుత్వ సహకారంతో మూడేళ్లలోగా వారికి శిక్షణ ఇచ్చి తీసుకోవాలి. కోటా మీద గొంతు చించుకున్నవారెవరూ ఈ మాట మీద పట్టుబట్టలేదు. కోటాతో ఓట్లు రావచ్చు. శిక్షణ ఇప్పించాలంటే పెట్టుబడిదారుడిని నిలదీయాలి, ఆ ధైర్యం ఏ పార్టీకీ లేదు.

శిక్షణకు ఖర్చవుతుందని, పని నేర్చిన కుర్రవాడిని పక్క కంపెనీ వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి ఎత్తుకుపోతుందని యాజమాన్యాల వాదన. చిన్న యూనిట్ల విషయంలో అందులో కొంత నిజముంది. కానీ అందరూ నేర్పితే ఎవరు ఎవరిని ఎత్తుకుపోతారు? ఒకరు నేర్పితే పదిమంది కాచుకు కూర్చునే అలవాటు వల్లే ఆ భయం పుట్టింది. మన మంత్రులు పోయివచ్చి పొగిడే జర్మనీలో కుర్రవాడు ముందు కంపెనీతో శిక్షణ ఒప్పందం చేసుకుంటాడు. వారంలో ఒకటి రెండు రోజులు బడికి, మిగతా రోజులు పనికి వెళతాడు. చివర పరీక్ష పెట్టేది పరిశ్రమల మండలే. మనవాళ్లు అక్కడి భవనాల ఫొటోలు తెచ్చుకున్నారు, ఆ ఒప్పందాన్ని అక్కడే వదిలేశారు.

కంపెనీల ఇష్టానికి వదిలితే ఏమవుతుందో, యువతకు పెద్ద కంపెనీల్లో పని అనుభవం ఇప్పించే ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం చూపింది. 2024లో మొదలైన తొలి విడతలో 82 వేలకు పైగా ఆఫర్లు ఇస్తే చేరినవారు 9 వేలకు మించలేదు. దూరం ఒక ప్రధాన కారణమని తేలింది. అప్పుడిచ్చిన నెలకు 5 వేల భృతితో పరాయి నగరంలో గది అద్దె కట్టి ఏ పేదింటి బిడ్డ నేర్చుకోగలడు? సొంత జిల్లాలో, ఇంటి నుంచి బస్సులో వెళ్లిరాగల ఫ్యాక్టరీలో అప్రెంటిస్ సీటు ఇప్పిస్తే ఈ తిప్పలు ఉండవు. అది ఇప్పించే అధికారం చట్టంలో ఉన్నా వాడటం లేదు.

రెండో వైపు మోసం ఇంకా దారుణం. ట్రైనీ అని పేరు పెట్టి, మొదటి వారం నుంచే ఉత్పత్తి లైను మీద నిలబెట్టి, రాత్రి షిఫ్టులు చేయించి, గడువు తీరగానే సాగనంపి కొత్త బ్యాచిని దించే యాజమాన్యాలున్నాయి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాడు. కొత్త లేబర్ కోడ్‌ల నిర్వచనాల్లోనూ అతడికి చోటు లేదు. ఏడాది తర్వాత అతడికి ఏమి వచ్చిందో పరీక్షించేవారు లేరు. ఇలాంటి సంస్థలు కూడా నైపుణ్యం లేదని అంటున్నాయి. నేర్పకుండా పని చేయించుకుని, ఆ పైన రాదని నింద వేయడం!

తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఆధునిక కేంద్రాలుగా మార్చింది. మీర్‌ఖాన్‌పేటలో స్కిల్స్ యూనివర్సిటీకి పునాది వేసింది. వెయ్యి ఐటీఐల కోసం కేంద్రం 60 వేల కోట్ల పథకం ప్రకటించింది. కొత్త యంత్రాలు రావడం మంచిదే. కానీ ఆ కేంద్రాల నుంచి బయటికొచ్చే పిల్లలు వెళ్లేది అదే గేటు దగ్గరికి, వినేది అదే ప్రశ్న.

రెండు రాష్ట్రాల కార్మిక, నైపుణ్య శాఖలను మేము అడిగేది ఒక్క జాబితా. జిల్లాలవారీగా ఏ కంపెనీలో ఎందరు సిబ్బంది, చట్టప్రకారం ఎన్ని అప్రెంటిస్ సీట్లు, భర్తీ అయినవి ఎన్ని, శిక్షణ ముగిశాక అక్కడే ఉద్యోగం దొరికింది ఎందరికి. కొత్త రాయితీ ఏదైనా ఆ జాబితా చూసే ఇవ్వాలి. నైపుణ్యం లేదని ఏ యాజమాన్యం ఫిర్యాదు చేసినా ముందు తన వరుసలోని అంకెలు చూపించాలి. దీనికి కొత్త చట్టం, కొత్త భవనం, కొత్త పేరుతో మరో పథకం ఏవీ అక్కర్లేదు. ప్రారంభోత్సవాలకు రోజుల తరబడి తిరగగలిగిన మంత్రులు ఈ ఒక్క కాగితం బయటపెట్టలేకపోతే, వారు కాపాడుతున్నది నిరుద్యోగులను కాదని ప్రజలు అర్థం చేసుకుంటారు.