తాళంకప్ప గారికి ఒక సంఘ సభ్యుడి వందనాలు

మహారాజశ్రీ చర్చి తోట తాళంకప్ప గారికి, మీ సంఘంలో వెనక బెంచీలో కూర్చునే సభ్యుడు వందనాలు చేసి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా గొలుసుతో సహా క్షేమంగానే ఉన్నారని రోజూ ఆఫీసుకు పోతూ చూస్తూనే ఉన్నాను.

మీకు కప్ప అని పేరెవరు పెట్టారోగానీ, అసలు కప్పలు వానొస్తేనన్నా నోరు విప్పుతాయండీ. మీరు క్రిస్మస్‌కి, బిషప్ గారు వచ్చిన రోజుకి తప్ప విప్పరు. మీ చెవేమో కమిటీ పెద్దాయన జేబులో ఉంటుంది, ఆయన చెవి ఎక్కడుందో మాకెవరికీ అంతుబట్టలేదు. గేటు మీద ప్రయాసపడి భారం మోసేవాళ్ళంతా రండి అని వంకీ అక్షరాల్లో రాసి ఉంది, దాని కింద మీరు వేలాడుతున్నారు. మీకు చదువు రాదు కాబట్టి మిమ్మల్ని అనడానికి లేదు.

పోయినేడు తోటని అందరినీ ఆహ్వానించే స్థలంగా మార్చాలని తీర్మానం చేశారు. "అందరికీ స్వాగతం" అని ఫ్లెక్సీ కొట్టించి, మీకు ముందు డ్యూటీ చేసిన కప్ప గారి గొలుసుకే కట్టారు. తర్వాత మొదటి పని, రెండు కానుగ చెట్లు కొట్టేయడం. ఆకులు రాలుతున్నాయట! ఉగాదికల్లా లేత చిగురేసి, రోహిణి కార్తె నాటికి చిక్కటి నీడ పరిచే చెట్టండీ అది. దాని బదులు గోడ వెంట కోనోకార్పస్ అనే విదేశీ మొక్కల వరస, మధ్యలో కడియం నర్సరీ నుంచి తెప్పించిన గడ్డి. ఈ కోనోకార్పస్‌ని గుజరాత్‌లో 2023లోనే నాటొద్దని నిషేధించారు, మనవాళ్ళకి మాత్రం పచ్చగా ఉంటే చాలు. గుంటూరు ఎండలో నీడ నరికి గడ్డి పెంచడమంటే అన్నం పారబోసి విస్తరి కడిగి దాచుకున్నట్టే. పోనీ ఆ గడ్డి మీదన్నా కూర్చుందామంటే, నడవరాదని బోర్డు.

బల్లలు వేశారు, కాదనను. నల్ల గ్రానైటు, వీపు ఆనించుకోడానికేమీ లేదు, లేచేటప్పుడు పట్టుకోడానికి చేతులూ లేవు, మే నెలలో నూనె రాస్తే అట్టు పోసుకోవచ్చు. కూర్చునే చోటంతా ఫలానా వారి తాతగారి జ్ఞాపకార్థం అని పెద్దక్షరాలు. ఒక ముసలమ్మ తాతగారి పేరు మీద కూర్చోడం మర్యాద కాదని పక్కన నేల మీద కూర్చుంది, అదీ క్రిస్మస్ రోజున. ఇక ర్యాంపు గురించి చెప్పాలి. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవు వాలు ఉండాలి, చక్రాల కుర్చీ తోసినవాళ్ళెవరినడిగినా చెబుతారు. మనవాళ్ళు నాలుగడుగుల్లో తేల్చేశారు. మీరు నోరు విప్పిన రోజున సండే స్కూల్ పిల్లలు దాన్ని జారుడుబల్ల అనుకుని ఆడుకున్నారు, తోటలో అందరికీ పనికొచ్చింది అదొక్కటే.

మీకు రోడ్డు వైపు కన్ను ఉంటే కనబడేది. పల్నాడు నుంచి ఆసుపత్రులకి వచ్చినవాళ్ళు మన గోడ బయట కాలవ గట్టు మీద కూర్చుంటారు, ఎక్స్‌రే కవరుతో విసురుకుంటూ. మొన్నొకామె, మొగుణ్ణి లోపల స్కానింగుకి పంపి వచ్చిందట, గేటు కమ్మీల్లోంచి తోట వంక కాసేపు చూసి నన్నడిగింది, "ఇందులో కూచోవాలంటే తెలిసినోళ్ళెవరన్నా ఉండాలా బాబూ?"

నేనేం చెప్పను? పక్క కొట్లో మజ్జిగ ప్యాకెట్ ఇప్పించి వచ్చేశాను.

కమిటీలో ఇదే మాట ఎత్తాను. ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచి ఉంచుదాం, ఒక కుళాయి పెడదాం, రెండు వేపమొక్కలు నాటుదాం అన్నాను. ప్రేమికులు వస్తారన్నారొకరు. పేకాట ఆడతారన్నారు ఇంకొకరు. ముందు ఫౌంటెన్ పూర్తికానీ బాబూ, అంతా అయ్యాక ఆలోచిద్దాం అన్నారు పెద్దాయన. ఇదే ఊరికి 1883లో అమెరికా నుంచి అన్నా కుగ్లర్ అనే మిషన్ డాక్టరమ్మ వచ్చింది. ఆసుపత్రి తలుపులు తెరుచుకోడానికి పదేళ్ళకు పైనే పట్టింది, అప్పటిదాకా రోగులు ఆగండి అనలేదు, వైద్యం మొదలుపెట్టేసింది. కమిటీలో ఆ సంగతి గుర్తుచేస్తే, చరిత్ర వద్దు, ఎస్టిమేటు చూడండి అన్నారు.

ఇప్పుడు మీకెవరూ చెప్పని సంగతి. ప్రారంభోత్సవం రోజు పళ్ళెంలో కత్తెర, గేటుకి రిబ్బను, ముఖ్య అతిథి మెడలో దండ, అన్నీ సిద్ధం. చెవి మాత్రం పెద్దాయన జేబులో, పెద్దాయన తెనాలిలో పెళ్ళిలో! ఫోన్ తియ్యడు. అతిథి గారు ఎండలో నిలబడి మూడుసార్లు దండ సర్దుకున్నారు. చివరికి వెల్డింగ్ షాపు కుర్రాడొచ్చి మీకు ముందున్నాయన్ని సుత్తితో రెండు దెబ్బల్లో పదవీ విరమణ చేయించాడు.

ఆ రాత్రంతా గేటు బార్లా తెరిచే ఉంది. సాయంత్రం పిల్లలు గడ్డి మీద దొర్లారు. పూలమ్మే ఆవిడ బుట్ట దించి మాల అక్కడే కట్టుకుంది. తెల్లారి కమిటీ వారు వచ్చి పూలకుండీలు లెక్కపెట్టుకున్నారు, ఒక్కటీ పోలేదు. ఒక కాగితం టీ గ్లాసు మాత్రం దొరికింది. దాన్ని సాక్ష్యంగా బీరువాలో పెట్టి, పదిన్నరకల్లా బజారుకెళ్ళి మిమ్మల్ని కొనుక్కొచ్చారు, ఏడు లివర్లతో.

వర్షాలు పడుతున్నాయి కదా, మీకు తుప్పు పట్టకుండా వారానికోసారి నూనె వెయ్యాలని కమిటీలో వంతులు వేశారు. ఈ నెలంతా నా వంతే. సీసా ఇంట్లోనే మర్చిపోతున్నానండీ, వరసగా మూడో వారం.