అక్షాంశాన్ని అరెస్టు చేయండి

అపార్ట్‌మెంట్ గ్రూపులో దొంగ పేరుతో ఎవరో అధ్యక్షుణ్ణి తిట్టారు. గంటలోపే మూడో అంతస్తు పరిశోధకుడు ప్రకటన చేశాడు: "లింకు నొక్కించి ఐపీ పట్టేశా. మనిషి వరంగల్‌లో ఉన్నాడు." కింద మ్యాపు, మ్యాపు మీద ఎర్ర సూది. సూది మొన ఒక పెంకుటింటి కప్పు మీద గుచ్చుకుని ఉంది. ఇంత సాక్ష్యం చేతిలో ఉండగా పోలీసులు, కోర్టులు దేనికన్న ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. సాంకేతికులు మాత్రం కొన్ని కొంటె అభ్యంతరాలు లేవదీస్తున్నారు. న్యాయం కోసం వాటినీ వినాలి.

వాళ్ల మొదటి పేచీ ఏమిటంటే, ఐపీ అడ్రస్‌లో, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరులో, డోర్ నంబరు ఉండదట. అది కేరాఫ్ అడ్రస్ అట. పల్లెల్లో పదిళ్ల ఉత్తరాలు ఒకే కిరాణా కొట్టు కేరాఫ్‌కి వచ్చేవి కదా, అలాగన్నమాట. పోస్ట్‌మ్యాన్‌కి కొట్టు దాకానే తెలుసు. లోపల ఏ ఉత్తరం ఎవరికి అందిందో కొట్టాయనకే ఎరుక. ఇక్కడ కొట్టాయన అంటే ఇంటర్నెట్ కంపెనీ.

కేరాఫ్ అవసరం కరువు వల్ల వచ్చింది. పాత పద్ధతి అడ్రసులు 32 బిట్లవి, మొత్తం సుమారు 429 కోట్లు. జనాభాయే 800 కోట్లు దాటింది. మన ప్రాంతానికి అడ్రసులు పంచే ఏపీనిక్ 2011 ఏప్రిల్‌లోనే ఆఖరి మూట విప్పి రేషన్ మొదలుపెట్టింది. అందుకని కంపెనీలు ఒక్క అడ్రసునే చాలామందికి పంచుతున్నాయి. దీని పేరు సీజీనాట్. ఒక అడ్రసుకు 65,536 పోర్టులు, అంటే ఒకే ఇంట్లో గదుల నంబర్లలాంటివి. మొదటి 1,024 పక్కనపెట్టి మనిషికి వెయ్యి చొప్పున ఇస్తే, 64 మంది ఒకే ఐపీ కింద కాపురం. మీ ఇంటి సంగతి తేల్చుకోవాలంటే రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే రౌటర్‌కు కంపెనీ ఇచ్చిన అడ్రసు, చూడండి, తర్వాత బయటి సైటు చూపే ఐపీ చూడండి. రెండూ వేరై, రౌటర్‌లోది 100.64కీ 100.127కీ మధ్య మొదలైతే మీది ఉమ్మడి కుటుంబం. శుభం.

192.168.1.5 అనే ఐపీని కాగితం మీద రాసుకుని స్టేషనుకు వెళ్లే వీరులూ ఉన్నారు. అది ఇంటి లోపల రౌటర్ పంచే నంబరు, ప్రతి ఇంట్లోనూ అవే తిరుగుతాయి. ఫిర్యాదు రాసుకునే రైటర్ గారి కంప్యూటర్‌కీ ఉండొచ్చు. ఆయన్ని అనుమానించే ముందు కాస్త నిదానం మంచిది.

ఇక సూది. అడ్రసుల బ్లాకు ఏ కంపెనీ పేరిట నమోదైందో చూసి, కంపెనీలు స్వయంగా ప్రకటించే జాబితాలు కలిపి, సిగ్నలు వెళ్లి రావడానికి పట్టే సమయం కొలిచి డేటాబేసులు ఊరిని అంచనా కడతాయి. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది, రానూపోనూ లెక్కిస్తే 100. మూడు మిల్లీసెకన్లు అటూఇటూ అయితే హైదరాబాదులో దిగాల్సిన సూది విజయవాడ దాటిపోతుంది. ఆ మూడూ మీ ఇంట్లో వైఫై నీరసించినా వస్తాయి. మొబైల్ డేటా మరీ వింత. ట్రాఫిక్ ఏ ఊళ్లోని గేట్‌వే, అంటే కంపెనీ సింహద్వారం, నుంచి బయటపడితే ఆ ఊరే కనిపిస్తుంది. శ్రీకాకుళం ఫోను చెన్నైలో తేలినా ఆశ్చర్యం లేదు. ట్రాఫిక్‌ను వేరే చోటి సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్ వాడితే పాస్‌పోర్టు లేకుండానే ఆమ్‌స్టర్‌డామ్.

పద్ధతైన డేటాబేసు సూదితోపాటు అది ఎంత దూరం తప్పొచ్చో చెప్పే వ్యాసార్థం కూడా ఇస్తుంది. హైదరాబాదు నడిబొడ్డు నుంచి 200 కిలోమీటర్ల వృత్తం గీస్తే వరంగల్, నిజామాబాద్, నల్గొండ, బీదర్ అన్నీ లోపలే. అంతమందికి బేడీలు చాలవనే కాబోలు, చాలా సైట్లు ఆ వృత్తాన్ని మింగేసి సూదినొక్కటే చూపిస్తాయి.

"మరి నా ఇల్లు గుమ్మంతో సహా చూపించిందే!" అని పరిశోధకుడు గర్జిస్తాడు. చూపిస్తుంది మరి. సైటు తెరవగానే బ్రౌజరు లొకేషన్ ఇవ్వమంటావా అని అడిగింది, ఆయన అలౌ నొక్కాడు. చుట్టూ ఉన్న వైఫైలు, ఫోనులోని జీపీఎస్ కలిసి ఇల్లు చెప్పాయి. ఐపీకి అందులో పాత్ర లేదు. అలౌ నొక్కకుండా మళ్లీ చూస్తే ఆయన కాపురం కూడా ఊరు మారిపోవచ్చు. ఈ పరీక్ష ఎవరూ చేయరు, చేస్తే గ్రూపులో పరువు పోతుంది.

చట్టం దారి విసుగు పుట్టించేంత నిదానం. 1930కి ఫోన్ చేయాలి లేదా సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాలి. ఐపీ ఒక్కటే చాలదు. పోర్టు నంబరు, సెకన్లతో సహా సమయం, అది ఏ కాలమానమో కూడా కావాలి. సర్వర్లు చాలావరకు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో, రాస్తాయి. అక్కడ 12వ తేదీ 18:45 అంటే మనకు 13వ తేదీ అర్ధరాత్రి దాటి పావుగంట. ఈ ఐదున్నర గంటలు కలపడం మరిచిపోతే, ఆ నిమిషంలో అదే కేరాఫ్‌లో ఉన్న మరో పుణ్యాత్ముడి పేరు వస్తుంది. అన్నీ సరిగ్గా ఇచ్చి, బీఎన్‌ఎస్‌ఎస్ అనే నేర విచారణ చట్టంలోని 94వ సెక్షన్ కింద నోటీసు వెళ్లాక కంపెనీ చెప్పేది కనెక్షన్ ఎవరి పేరిట ఉందన్నదే. అది అమీర్‌పేట హాస్టల్ అయితే ఓనరు పేరు వస్తుంది. వైఫై పాస్‌వర్డ్ మెస్ గోడ మీద రాసి ఉంటుంది.

ఈ తతంగం కంటే సూదిని నమ్మడమే మేలని అమెరికాలో నిరూపించారు. ఐపీలకు చోటు చెప్పే మ్యాక్స్‌మైండ్ కంపెనీ, ఊరు తెలియని అమెరికా అడ్రసులన్నిటికీ దేశం మధ్యన ఒక సూది గుచ్చాలనుకుంది. అసలు మధ్య బిందువు 39.8, −98.6 దగ్గర. చిల్లర ఎందుకని 38, −97కి సర్దారు. అక్కడ, కాన్సస్‌లో పాట్విన్ అనే ఊరి దగ్గర, ఒక పొలం ఉంది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ పొలంలో కాపురం పెట్టాయి. దొంగల కోసం ఎఫ్‌బీఐ, బకాయిల కోసం పన్నులవాళ్లు, ప్రాణం కాపాడ్డానికి అంబులెన్సులు అక్కడికే వచ్చాయి. ఎవరో పగిలిన టాయిలెట్ కూడా తెచ్చి పడేసిపోయారు. చివరికి అక్కడి పోలీసు అధికారి షెరీఫ్ దారి మొదట్లో బోర్డు పెట్టాల్సి వచ్చింది. 2016లో గుట్టు రట్టయ్యాక కంపెనీ ఆ సూదిని ఒక జలాశయం మధ్యకు జరిపింది. ఇప్పుడు నేరస్థులంతా నీళ్లలో ఉన్నారు, గజ ఈతగాళ్లు దొరికితే కేసు తేలినట్టే.

మనమూ వెనకబడి లేం. అమెరికా గూఢచార సంస్థ సీఐఏ దేశాల వివరాలతో వేసిన ఫ్యాక్ట్‌బుక్ భారతదేశం మొత్తానికి రాసిన అంకెలు 20 ఉత్తరం, 77 తూర్పు. ఆ లెక్కన సూది దిగేది మహారాష్ట్రలో వాశిం పట్టణానికి కాస్త దూరంలో. ఆ చుట్టుపక్కల రైతులు గేటుకు ఒక బోర్డు ఇప్పుడే రాయించి పెట్టుకోవాలి. మరాఠీతోపాటు తెలుగులోనూ రాయిస్తే మంచిది, మూడో అంతస్తాయన కారు తీశాడట.