పెన్సిల్ సెల్లుకు ఫ్రిజ్ అవసరమా?

ఎండలు ముదిరినప్పుడల్లా కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఛార్జింగ్ బ్యాటరీలను ఇంట్లో దాచుకునే పద్ధతి అంటూ అందులో ఐదు సలహాలు ఉంటాయి. సెల్లులను ఫ్రిజ్‌లో పెడితే ఆయుష్షు రెట్టింపవుతుందని, దాచే ముందు ఛార్జింగ్‌ను పూర్తిగా అయిపోనివ్వకపోతే బ్యాటరీకి ‘మెమరీ’ పడుతుందని, అన్నింటినీ కలిపి గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో వేయాలని, నేలమీద వదిలితే ఎగిరిపడిన సెల్లు అయిపోయినట్టని, పాడైన వాటిని చెత్తబండిలో వేసేయవచ్చని. చివరిదాన్ని పక్కన పెడితే తక్కిన నాలుగింటి వెనకా ఎంతో కొంత నిజం ఉంది. అందుకే అవి ఇంతగా చెల్లుబాటవుతున్నాయి. చిక్కల్లా ‘బ్యాటరీ’ అనే ఒక్క పేరు కింద మన ఇళ్లలో మూడు జాతులు ఉండటం: రిమోట్లలో, పిల్లల బొమ్మల్లో వేసే నికెల్ సెల్లులు, ఫోన్లలోను పవర్‌బ్యాంకుల్లోను ఉండే లిథియం బ్యాటరీలు, ఇన్వర్టర్ పక్కన కూర్చునే సీసపు బ్యాటరీ. ఒకదానికి పథ్యమైనది ఇంకొకదానికి అపథ్యం. ఏ సలహా దేనికి వర్తిస్తుందో ఆ సందేశం ఎక్కడా చెప్పదు.

ఫ్రిజ్ సంగతి ముందు చూద్దాం. వాడకుండా పక్కన పెట్టిన సెల్లు కూడా తనలో తాను కొద్దికొద్దిగా ఖాళీ అవుతుంది, చల్లదనంలో ఆ వేగం తగ్గుతుంది, ఇంతవరకు నిజమే. పాతకాలపు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు నెల తిరిగేసరికి ఐదో వంతో, అంతకంటే ఎక్కువో ఛార్జింగ్ పోగొట్టుకునేవి కాబట్టి అప్పట్లో కొందరు కెమెరా వాడకందారులు వాటిని ఫ్రిజ్‌లో పెట్టేవారు. అయితే 2005లో సాన్యో సంస్థ ‘ఎనెలూప్’ పేరుతో విడుదల చేసిన రకం ఆ అవసరాన్నే తీసేసింది. ఏడాదిపాటు మామూలు గదిలో ఉంచినా ఎక్కువ భాగం ఛార్జింగ్ నిలుపుకునే ఇలాంటి సెల్లులు ఇప్పుడు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి; ‘వాడటానికి సిద్ధంగా ఛార్జ్ చేసినది’ అన్న అర్థం వచ్చే మాట అట్టమీద ఉంటే అది ఈ రకమే. ఇక విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో ఫ్రిజ్‌లోంచి తీసిన సెల్లుమీద క్షణాల్లో నీటి చెమ్మ పడుతుంది, ఆ చెమ్మే కొసలకు తుప్పు తెస్తుంది. పైగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టిన లిథియం బ్యాటరీని చల్లదనం పోకముందే ఛార్జర్‌కు తగిలిస్తే లోపల లిథియం లోహపు పూతగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

మనకు అసలు శత్రువు వేడి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో స్లాబు కింది అటక ఎంత కాగుతుందో అక్కడివారికి చెప్పనక్కర్లేదు. అటక, వంటింట్లో పొయ్యి పక్క అల్మరా, ఫ్రిజ్ నెత్తి, ఎండలో నిలబెట్టిన కారు, ఈ నాలుగూ బ్యాటరీలకు పనికిరావు. లోపలి గదిలో బీరువా కింది అర సరిపోతుంది.

రెండో సలహా అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది, కనుక దీని దగ్గర కొంచెం ఆగాలి. పూర్తిగా అయిపోకముందే ఛార్జ్ చేస్తూ పోతే బ్యాటరీ ఆ మట్టాన్నే అడుగుగా గుర్తుంచుకుని అక్కడితో ఆగిపోతుందనే ఈ ‘మెమరీ’ మాట, నికెల్ కాడ్మియం అనే పాత రకం సెల్లుల కాలానిది. ఉపగ్రహాల్లో లాగా ప్రతిసారీ సరిగ్గా ఒకే మట్టానికి ఖాళీ అయి మళ్లీ నిండే పరిస్థితుల్లో ఆ లక్షణాన్ని గమనించారు. ఇంటి వాడకంలో అంత కచ్చితమైన పునరావృతం జరగదు. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులో అలాంటిది కాస్త కనిపించినా, ఒకటి రెండు సార్లు బాగా వాడి పూర్తిగా ఛార్జ్ చేస్తే సర్దుకుంటుంది. 1991లో సోనీ బజారులోకి తెచ్చిన లిథియం అయాన్ జాతికి ఆ భయమే లేదు, దానికున్న భయం సరిగ్గా ఇందుకు విరుద్ధమైనది. నిండుగా ఉన్నప్పుడు సాధారణంగా 4.2 వోల్టులు చూపించే లిథియం సెల్లు సుమారు 2.5 వోల్టుల కంటే బాగా కిందికి జారి అక్కడే ఎక్కువకాలం ఉండిపోతే, లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఎప్పుడో గుర్తొచ్చి ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ రాగి తిరిగి పేరుకుని లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. పూర్తిగా ఖాళీ చేసి అటకెక్కించిన ఎమర్జెన్సీ లైటు రెండేళ్ల తర్వాత వెలగకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. అలాగని నిండా ఛార్జ్ చేసి దాచడం కూడా మంచిది కాదు. నిండు ఛార్జింగూ వేడీ కలిస్తే సామర్థ్యం త్వరగా తరుగుతుంది. చాలాకాలం పక్కన పెట్టే ఫోన్లను సగం ఛార్జింగ్‌తో ఆపుచేసి ఉంచమని, ఆరు నెలలకోసారి మళ్లీ సగానికి తెమ్మని ఆపిల్ సంస్థ తన వినియోగదారులకు చెబుతుంది. పవర్‌బ్యాంకుకు నాలుగు దీపాలుంటే రెండు వెలిగే దగ్గర ఆపడమే దీని అర్థం.

ఖాళీ చేసి దాచమన్న సలహానే సీసపు బ్యాటరీకి పాటిస్తే నష్టం ఇంకా త్వరగా కనిపిస్తుంది. పిల్లల దగ్గరికని ఆరు నెలలు అమెరికా వెళ్లే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఇప్పుడు ఎందరో ఉన్నారు. మెయిన్ ఆపేసి, ఇన్వర్టర్ బ్యాటరీని సగం ఛార్జింగ్‌లోనో అంతకంటే తక్కువలోనో వదిలి వెళితే, పలకలమీద సీసపు సల్ఫేటు గట్టిపడి, తిరిగొచ్చేసరికి ఆ బ్యాటరీ ఛార్జింగ్ పట్టదు. దానికి నిండు ఛార్జింగే క్షేమం: డిస్టిల్డ్ వాటర్ మట్టం సరిచూసి, పూర్తిగా ఛార్జ్ చేసి, తీగలు విప్పించి, రెండు మూడు నెలలకోసారి మళ్లీ ఛార్జ్ చేయమని తెలిసినవారికి అప్పగించి వెళ్లాలి.

స్టీలు డబ్బా సలహాకు నా అనుభవమే జవాబు. బిస్కెట్ల ఖాళీ రేకు డబ్బాలో నేను పెన్సిల్ సెల్లులతో పాటు ఛార్జింగ్ మైకు తాలూకు 9 వోల్టుల చదరపు బ్యాటరీని, పాత తాళంచెవుల గుత్తిని వేసి ఉంచాను. ఒక సాయంత్రం డబ్బా అడుగు చేతికి వేడిగా తగిలి మూత తీస్తే, ఒక తాళంచెవి ఆ బ్యాటరీ రెండు కొసల మీదా అడ్డంగా పడుకుని ఉంది. ఆ రకంలో రెండు కొసలూ ఒకే వైపు, వేలెడు దూరం కూడా లేకుండా ఉంటాయి కాబట్టి నాణెమైనా, గిన్నెలు తోమే స్టీలు పీచైనా వాటిని కలిపేస్తుంది. పీచైతే నిప్పే అంటుకుంటుంది. ఛార్జింగ్ పెన్సిల్ సెల్లును కూడా ఒకసారి కళ్ల దగ్గర పెట్టుకుని చూడండి. పైనున్న బొడిపె ధన కొస. మిగిలిన ఒళ్లంతా, బొడిపె చుట్టూ ఉన్న అంచు వరకు, రుణ కొసే. రంగు ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే అడ్డు. భుజం దగ్గర ఆ తొడుగు చిరిగిన సెల్లును లోహపు డబ్బాలో వేయనే కూడదు.

ఒక్కో సెల్లుకు ఒక్కో గూడు ఉన్న ప్లాస్టిక్ పెట్టెలు చవకగానే దొరుకుతాయి. నేను ఆ తర్వాత మార్కర్‌తో ప్రతి సెల్లుమీదా జట్టు అక్షరం, కొన్న నెల రాస్తున్నాను: క1, క2 ఎప్పుడూ కలిసే బొమ్మలోకి వెళతాయి, కలిసే ఛార్జర్ ఎక్కుతాయి. నిండుదానితో ఖాళీదాన్ని జతచేస్తే, బలహీనమైనది ముందే అయిపోయి, రెండోది దాన్ని తిరగేసి తోయడంతో దాని ధ్రువాలు తారుమారై పాడవుతుంది. ఛార్జ్ అయినవాటిని బొడిపె పైకి, అయిపోయినవాటిని బొడిపె కిందికి నిలబెడితే ఇంట్లో ఎవరినీ అడగనక్కర్లేదు. బొత్తాం సెల్లులు మాత్రం ఈ పెట్టెలో కూడా వద్దు. పసివాళ్లు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, కాబట్టి వాటి చోటు తాళం వేసిన అరలోనే.

ఎగిరిపడే పరీక్ష ఒకసారి వాడి పారేసే ఆల్కలైన్ సెల్లుల ముచ్చట. అందులోని జింకు వాడకంతో జింకు ఆక్సైడుగా మారి బిగుసుకోవడం వల్ల సెల్లు ఎగురుతుంది. 2015లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని కొలిచి చూస్తే, దాదాపు సగం ఛార్జింగ్ మిగిలి ఉండగానే ఆ ఎగురుడు గరిష్ఠానికి చేరుతోందని తేలింది. అంటే ఎగిరింది కొత్తది కాదని మాత్రమే తెలుస్తుంది, అయిపోయిందని కాదు. నికెల్ సెల్లులో జింకే లేదు, లిథియం బ్యాటరీని నేలకు కొట్టడమంటే కోరి ప్రమాదం తెచ్చుకోవడమే.

చెత్తబండి సలహా మన చట్టానికే విరుద్ధం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు. బ్యాటరీమీద కనిపించే, చక్రాల చెత్తబుట్ట బొమ్మకు అడ్డంగా కొట్టివేత గీతలున్న గుర్తు చెప్పేది అదే. వాటిని తిరిగి సేకరించే బాధ్యతను ఈ నియమాలు తయారీదారుల మీద పెట్టాయి. చెత్తబండిలో నలిగిన లిథియం బ్యాటరీ అక్కడే అంటుకోగలదు, ఆ మంట ముందు తగిలేది బండిమీద పనిచేసే మనిషికి. ఉబ్బిన ఫోను బ్యాటరీని నొక్కి చూడటం, పొడవడం, మళ్లీ ఛార్జింగ్ పెట్టడం చేయకుండా, కొసలకు ఇన్సులేషన్ టేపు చుట్టి, పొడి ఇసుక పోసిన కుండలో, ఇంటి బయట నీడపట్టున ఉంచి, వీలైనంత త్వరగా ఇ-వ్యర్థాల సేకరణ కేంద్రానికో కంపెనీ సర్వీసు సెంటరుకో చేర్చాలి.