సర్వర్‌కు దేహం వచ్చింది

దేహాన్ని వదిలితేనే మోక్షమని పెద్దలంటారు. మా వెబ్‌సైట్‌కు మాత్రం దేహం ధరించడమే మోక్షమని తీర్మానించాం. నాలుగేళ్లుగా వర్చువల్ సర్వర్‌లో, అంటే ఒకే యంత్రాన్ని పలువురికి వాటాలు వేసిన దాంట్లో, అశరీరంగా తిరుగుతున్న దాన్ని గత నెల నిజమైన ఇనుప యంత్రంలోకి దించాం.

కారణం చిన్నది కాదు, దొంగతనం. సర్వర్‌ను నడిపే లినక్స్‌లో టాప్ అనే ఆదేశం కొడితే ప్రాసెసర్ లెక్కల వరుస చివర 'ఎస్‌టీ' అనే అంకె కనిపిస్తుంది. స్టీల్, అంటే దొంగిలించడం, అన్న ఇంగ్లీషు మాటకు అది పొట్టి పేరు. మన వంతు కోసం మనం కాచుకుని కూర్చున్నప్పుడు యంత్రాన్ని వాటాలు వేసి పంచే హైపర్‌వైజర్ అనే ప్రోగ్రాం ప్రాసెసర్‌ను ఇంకెవరికో ఇచ్చేసిన సమయం అది. సొమ్ము పోయిన సంగతిని ఇంత నిక్కచ్చిగా, దశాంశ స్థానంతో సహా, బాధితుడికే చూపించే ఏర్పాటు మరెక్కడా చూడలేదు. సైటు నత్తనడక నడిచినప్పుడల్లా నేను ఆ అంకె వైపు వేలు చూపించి, ముఖమైనా తెలియని పొరుగువాణ్ణి తిట్టుకునేవాణ్ణి.

ఈ మాయ నిన్నమొన్నటిది కాదు. 1972లోనే ఐబీఎం తన వీఎం/370తో, ఒకే యంత్రాన్ని పంచుకుంటున్నవారిలో ప్రతి ఒక్కరికీ యంత్రమంతా నీదేనని నమ్మబలికింది. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ రాకతో ఆ విద్య లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లోనే కాపురం పెట్టింది.

ముహూర్తం రాత్రి డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్త యంత్రంలోకి నకలు తీసి మీట నొక్కాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పాకి, సిస్టమ్ ఫైళ్లుండే రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదంటూ ఆగిపోయాయి. పూర్వజన్మలో డిస్క్ పేరు వీడీఏ, ఈ జన్మలో ఎస్‌డీఏ. పేరుకు బదులు యూయూఐడీ అనే మారని గుర్తింపు సంఖ్య రాసి ఉంటే గుర్తుపట్టేది. అది సర్దితే నెట్‌వర్క్ కార్డు కూడా పేరు మార్చుకుంది. సర్వర్ లేచి కూర్చుంది, కానీ బయటివారెవరికీ దాని మాట వినపడదు.

అసలు ఘనకార్యం, సైటు పేరు అడిగితే సర్వర్ చిరునామా చెప్పే డీఎన్‌ఎస్‌ది. ఆ చిరునామాను అడిగినవారు గుర్తుంచుకునే గడువు, అంటే టీటీఎల్, 86,400 సెకన్లు, అంటే నిండా ఒక రోజు. దాన్ని ముందే 300కు తగ్గించుకోవాలని బదిలీ అయిన తర్వాత గుర్తొచ్చింది. ఆ రోజంతా మా సైటు ద్విపాత్రాభినయం చేసింది. కొందరు పాత సర్వర్‌లో ఖాతా తెరిచారు, కొందరు కొత్తదాంట్లో. రెండు డేటాబేసుల్లోనూ ఒకే ఖాతా నంబరు, మనుషులు మాత్రం వేరు.

దేహమన్నాక రోగాలు తప్పవు. పూర్వం ఏ పనికైనా ముందు సర్వర్ అప్పటి స్థితిని స్నాప్‌షాట్‌గా తీసుకుని, చెడితే వెనక్కి వెళ్లేవాళ్లం. ఇప్పుడు రెండు డిస్కుల రెయిడ్ 1 ఉంది, అంటే ఒకదానికి ఇంకొకటి నకలు. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ నేను పొరపాటున తొలగించిన ఫైలును రెండింటిలోనూ ఏకకాలంలో, అంతే శ్రద్ధగా తొలగిస్తుంది. అది ప్రయోగపూర్వకంగా తేలింది.

అయితేనేం, ఎస్‌టీ ఇప్పుడు 0.0. పొద్దున్నే దాన్ని దర్శించుకుని గానీ పని మొదలుపెట్టను. మొదటి పేజీ తెరుచుకోవడానికి మాత్రం ఇప్పటికీ అవే నాలుగు సెకన్లు పడుతోంది. మొన్న స్లో క్వెరీ లాగ్, అంటే డేటాబేసులో ఆలస్యంగా నడిచే ప్రశ్నల చిట్టా, తెరిచి చూశాను. కావలసిన వరుసను వెతికిపెట్టే ఇండెక్స్ లేని పట్టికను మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా, ఎవరు సైటుకు వచ్చినా మళ్లీ మళ్లీ చదువుతున్న క్వెరీ ఒకటి దొరికింది. రాసింది నేనే. యంత్రమంతా మాదే అయిపోయింది కనుక, ఇప్పుడు దాన్ని ఏ పొరుగువాడి ఖాతాలోనూ వేయడానికి లేదు.