కొర్రలు మంచివే, అయినా మాత్రలు మానకండి

"అన్నం మానేసి కొర్రలు, సామలు తినండి. వీటి జీఐ 55 లోపే కాబట్టి ఎంత తిన్నా షుగర్ పెరగదు. పంచదార బదులు బెల్లం, తేనె వాడండి. పండ్ల జోలికి పోకండి. బియ్యమే కావాలంటే షుగర్ ఫ్రీ బియ్యం కొనుక్కోండి. మూడు నెలల్లో షుగర్ పోతుంది, మాత్రలు ఆపేయొచ్చు."

ఈ మెసేజ్ ఏదో ఒక రూపంలో మీ ఫ్యామిలీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. ఇందులో కొంత నిజం ఉంది, చిక్కంతా దానితోనే. ఆ కొంత చూసి మిగతాది కూడా నమ్మేసి మాత్రల డబ్బా పక్కన పెట్టేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా విడిగా చూడాలి.

ముందు "ఎంత తిన్నా షుగర్ పెరగదు" అన్నది. జీఐ అంటే గ్లైసీమిక్ ఇండెక్స్. 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చిన కొలత ఇది. 50 గ్రాముల పిండిపదార్థం ఉండేలా ఒక ఆహారాన్ని తినిపించి, తర్వాతి రెండు గంటల్లో రక్తంలో చక్కెర ఎంత పెరిగిందో చూస్తారు. గ్లూకోజ్‌ను 100గా పెట్టుకుని దానితో పోలుస్తారు. 55, అంతకన్నా తక్కువ వస్తే తక్కువ జీఐ, 70, అంతకన్నా పైన వస్తే ఎక్కువ. అందరికీ ఒకే 50 గ్రాములు పెట్టి తీసిన అంకె కాబట్టి, మన కంచంలో ఎంత వడ్డించుకున్నామో దానికి తెలియదు. కుళాయి సన్నగా వదిలినా రాత్రంతా వదిలేస్తే తొట్టి నిండుతుంది కదా, ఇదీ అంతే.

వండని బియ్యం 100 గ్రాముల్లో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములు. కొర్రలు, సామల్లో 60 నుంచి 66 గ్రాముల దాకా ఉంటుంది. పీచు ఎక్కువ, అది మంచిదే. కానీ తేడా అంతే! మా పెద్దమ్మ అన్నమైతే ఒక గరిటెతో ఆపుతుంది, కొర్రన్నమైతే "ఇది మంచిదేలే, తిను నాయనా" అంటూ రెండో గరిటె వేసేస్తుంది. కొర్రలతో వచ్చిన లాభం కాస్తా ఆ రెండో గరిటెతో పోతుంది.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షుగర్ జబ్బుపై దేశవ్యాప్తంగా చేసిన ఇండియాబ్ అధ్యయనం 2025లో తేల్చింది కూడా ఇదే. మన దేశంలో సగటున రోజూ తీసుకునే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా తెల్లబియ్యం, మైదా స్థానంలో గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనపడలేదు. అందులో కొంత తీసేసి పప్పులు, పాల పదార్థాల వంటి ప్రొటీన్ చేర్చుకున్న చోట తగ్గింది. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటున్నామని ధీమాగా ఉండేవాళ్లు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక చిరుధాన్యాలన్నిటి జీఐ 55 లోపేనా? హైదరాబాద్ పక్కనే ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 2021లో వచ్చిన సమీక్షలో వీటి సగటు జీఐ 52.7. తెల్లబియ్యం కన్నా బాగా తక్కువే, నేను కాదనను. అయితే అది సగటు, కొన్ని దానిపైన ఉంటాయి. ఎలా వండామన్నది ఇంకా ముఖ్యం. పొద్దున్నే వాకింగ్ పార్కుల గేట్ల దగ్గర స్టీలు క్యాన్లలో రాగిజావ అమ్ముతుంటారు. మెత్తగా పట్టించిన పిండి, బాగా ఉడికి జారుగా అయిపోయింది, నమిలే పని లేదు, పరగడుపున రెండు గుక్కల్లో లోపలికి పోతుంది. షుగర్ గబగబా ఎక్కడానికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా "బెల్లం వేయమంటారా?" అని అడుగుతారు. అదే రాగిపిండితో రొట్టె చేసుకుని గిన్నెడు ఆకుకూర పప్పుతో తింటే ఆ వేగం తగ్గుతుంది.

బెల్లం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 100 గ్రాముల్లో దాదాపు 85 గ్రాములు చక్కెరే. ఐరన్ ఉంటుందంటారు, టీలో వేసుకునే చెంచాడు బెల్లంతో ఒంటికి పట్టే ఐరన్ లెక్కలోకి రాదు. తేనె జీఐ 60 దగ్గర, పంచదారది 65 దగ్గర. షుగర్ ఉన్నవాళ్లకు ఈ మూడూ ఒకటే.

పండ్ల విషయంలో మెసేజ్ పూర్తిగా తప్పు. పుచ్చకాయ జీఐ 70 పైనే, అది చూసి భయపెడుతున్నారు. కానీ దానిలో ఉన్నది ఎక్కువగా నీరే. 120 గ్రాముల ముక్కలో పిండిపదార్థం పది గ్రాముల లోపే. జామకాయ నిక్షేపంగా తినొచ్చు. మామిడి రెండు ముక్కలు తింటే ఒక లెక్క, భోజనం మీద బంగినపల్లి పండు మొత్తం లాగిస్తే ఇంకో లెక్క. జ్యూసులు మాత్రం వద్దు.

"షుగర్ ఫ్రీ బియ్యం" అన్నది బస్తా మీద మాట. ఆ పేరుతో అమ్ముతున్న వాటిలో తెలంగాణ సోనా, అంటే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన ఆర్ఎన్ఆర్ 15048 ఒకటి. దాని జీఐ 51 పైచిలుకు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి బాపట్ల వరి రకం బీపీటీ 5204ను ఎండాకు తెగులు తట్టుకునేలా మార్చి తెచ్చిన మెరుగైన సాంబ మసూరిదీ దాదాపు 51. మన శాస్త్రవేత్తల మంచి పని ఇది, దొరికితే కొనుక్కోండి. కానీ అందులోనూ ఉన్నది పిండిపదార్థమే, జీర్ణమయ్యాక అయ్యేది గ్లూకోజే. మామూలు బియ్యంలాగే కొలుచుకుని తినాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మాత్రలు ఆపేయొచ్చన్న చివరి మాట. 2021లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో 29 అధ్యయనాలను, 1,600 మందికి పైగా షుగర్ రోగులను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. తక్కువ జీఐ తిండితో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను శాతంలో చెప్పే రక్తపరీక్ష అంకె, సగటున 0.31 తగ్గింది. అంటే 8.5 ఉన్నవాళ్లకు దాదాపు 8.2. వాళ్లలో ఎక్కువమంది మందులు వాడుతూనే ఉన్నారు. మందులకు తోడుగా అది మేలే. మందుల బదులు సరిపోదు.

మాత్రలు లేకుండా షుగర్ అదుపులోకి వచ్చినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనంలో ఏడాదికి 46 శాతం మందికి వచ్చింది. రోజుకు దాదాపు 850 కేలరీల ఆహారంతో మూడు నుంచి ఐదు నెలలు ఉండి, బరువు బాగా తగ్గినందుకు వచ్చింది. షుగర్ వచ్చి ఆరేళ్లలోపు అయి, ఇన్సులిన్ వాడనివాళ్లు వాళ్లు. మందులు ఆపింది వైద్య బృందం పర్యవేక్షణలో. రెండో ఏడాదికి ఆ 46 శాతం 36కు తగ్గింది.

టైప్ 1 వాళ్లు, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకానివాళ్లు, ఇన్సులిన్ ఆపితే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే కీటోయాసిడోసిస్ వచ్చి రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. టైప్ 2లో వెంటనే ఏమీ తెలియకపోవచ్చు, 250 ఉన్నా హుషారుగానే తిరుగుతుంటారు. లోపల కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతింటుంటాయి. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటూ ఒక్కసారిగా అన్నం బాగా తగ్గిస్తే లో షుగర్ వచ్చి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా పోతుంది. అందుకే తిండి మార్చే ముందే డాక్టర్‌కు చెప్పాలి.

కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగతా పావులో అన్నమైనా కొర్రన్నమైనా మీ ఇష్టం. తినబోయే ముందు ఒకసారి, తినడం మొదలెట్టిన రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటర్‌తో చూసి, ఏం తిన్నారో పక్కనే రాసుకోండి. అంకెలు తగ్గుతుంటే ఆ పుస్తకం తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. డోసు ఆయన తగ్గిస్తారు.