హై అలర్ట్ అట, లాఠీతో సంచీ తెరిచారు

ఇప్పుడే ఇంటికొచ్చా. కాళ్లు కూడా కడుక్కోకుండా రాస్తున్నా. పెద్ద పోస్టు, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

సాయంత్రం ఐదున్నరకి మా బస్టాపులో దిగాను. షెల్టర్‌లో బల్ల కింద నల్ల రెక్సిన్ సంచీ. పక్కన మనిషి లేడు. జిప్పు సగం తీసి ఉంది, లోపల స్టీలు డబ్బా మూత మెరుస్తోంది. ఈ హైదరాబాద్‌లో నా ఈడు వాళ్లకి దిక్కూమొక్కూ లేని స్టీలు డబ్బా కనిపిస్తే పాత బాంబు పేలుళ్లు తప్ప ఇంకేం గుర్తొస్తాయి? పక్కన బజ్జీల బండి అతన్ని అడిగా. "పొద్దుగాల నుంచి గాడనే ఉందక్కా" అన్నాడు, నూనెలోంచి కన్ను తిప్పకుండా. పొద్దుటి నుంచి! జనవరి 26 ముందు, హై అలర్ట్‌లో ఉన్న నగరంలో!

షెల్టర్ మీదే పోస్టరుంది. అనుమానాస్పద వస్తువులు కనిపిస్తే ముట్టుకోకండి, దూరంగా జరగండి, ఫోన్ చేయండి అని. మూడూ చేశాను. దూరంగా జరగండని అక్కడున్న పదిమందికీ చెప్పాను కూడా. ఒక కాలేజీ పిల్ల జరిగింది. ఒక పెద్దాయన "జరిగితే సీటు పోతుందమ్మా" అన్నాడు. ఫోన్‌లో ఆవిడ ల్యాండ్‌మార్క్ చెప్పమని నాలుగుసార్లు అడిగింది. బస్టాపు పేరు చెప్పా, బజ్జీల బండి చెప్పా, చివరికి ఎదురుగా ఉన్న మ్యాచింగ్ సెంటర్ బోర్డు మొత్తం చదివి వినిపించా.

ముప్ఫై అయిదు నిమిషాలకి బైకు మీద ఇద్దరొచ్చారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు. తాడు కట్టి జనాన్ని ఆపుతారేమో, బాంబ్ స్క్వాడ్‌ని పిలుస్తారేమో, కనీసం ఒక కుక్కయినా వస్తుందేమో అని నేను రోడ్డవతల నిలబడి చూస్తున్నా. ఆ కానిస్టేబులు తిన్నగా వెళ్లి, లాఠీ కొస జిప్పులో దూర్చి, సంచీని పైకెత్తి, బోర్లించేశాడు! స్టీలు డబ్బా ఠంగుమని దొర్లి కాలవ గట్టు దాకా వెళ్లింది. నా గుండె దానికంటే ముందే వెళ్లింది.

లోపల రెండు జాకెట్టు ముక్కలు, ఒక చీర ఫాల్ ప్యాకెట్టు, టైలరు చీటీ. డబ్బాలో పులిహోర.

"ఏంది మేడమ్, గింతదానికి ఫోన్ చేస్తరా?"

ఆ మాట దగ్గరే నాకు మండింది. ఇంతే అని తెరవకముందు నీకెలా తెలుసు బాబూ? తెరిచాక అయితే నాకూ తెలుసు! అందులో ఉన్నది పులిహోర కాకపోయి ఉంటే ఆ లాఠీ ఎక్కడ, నువ్వెక్కడ? ముట్టుకోవద్దని నాకు పోస్టరు వేసి చెప్పిన డిపార్ట్‌మెంటు తన మనిషికి చెప్పలేదా? పాపం, అతన్నీ ఏమనలేం. పొద్దున ఎవరో మంత్రిగారి బందోబస్తు, మధ్యాహ్నం ధర్నా డ్యూటీ, ఇప్పుడు నా సంచీ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "హై అలర్ట్ కదా, మీకేం చెప్పారు?" అని అడిగితే, "సెట్ కాన్ఫరెన్స్‌ల చెప్పిన్రు మేడమ్, అలర్ట్‌గా ఉండమని" అన్నాడు. సెట్ అంటే వాళ్ల వైర్‌లెస్ సెట్టు. అయిపోయింది. అలర్ట్ అంటే అలర్ట్‌గా ఉండడం. మా చిన్నప్పటి తెలుగు వాచకంలో కూడా ఇంతకంటే అర్థం రాసేవాళ్లు.

అసలు ఈ హై అలర్ట్ ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు అయిపోతుంది? ఎవరైనా "ఇవాళ్టితో ఎత్తేశాం" అని చెప్పగా విన్నారా? పహల్గామ్ ఉగ్రదాడి తర్వాత హై అలర్ట్, ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలితే హై అలర్ట్, బాబ్రీ మసీదు కూల్చిన డిసెంబరు 6న, ఆగస్టు 15న, నిమజ్జనానికి హై అలర్ట్. ఎప్పుడూ హై అయితే ఇక లో ఎక్కడుంది? పేపర్లో మాత్రం అదే వార్త, తేదీ ఒకటి మారుస్తారు. ముమ్మర తనిఖీలు, లాడ్జీల్లో సోదాలు, రైల్వే స్టేషన్‌లో జాగిలాలు, ఆ జాగిలం ఎవరిదో సూట్‌కేసు వాసన చూస్తున్న ఫొటో.

బ్రిటన్ వాళ్లు 2006 నుంచి ఉగ్రవాద ముప్పుకి ఐదు మెట్లు పెట్టి జనానికి బయటికే చెప్తున్నారు. 2017 మేలో మాంచెస్టర్ దాడి జరగ్గానే అన్నిటికంటే పై మెట్టుకి ఎక్కించారు, సైనికుల్ని తెచ్చి కాపలా పెట్టారు, నాలుగు రోజులకి ఒక మెట్టు కిందికి దించారు. దించారండీ! దించడం కూడా ఒక పనే. అమెరికా వాళ్లు 2002లో ఐదు రంగులు పెట్టి, ఎప్పుడు చూసినా పసుపో నారింజో ఉంటే జనం నవ్వి, 2011లో తీసేశారు. మనకి రంగుల్లేవు, మెట్లు లేవు. ఒక్కటే మాట, సంవత్సరం పొడుగునా.

కాదు, మనకీ మెట్లున్నాయి. విమానం ఎక్కేవాళ్లకున్నాయి. శంషాబాద్‌లో జనవరి 26కీ ఆగస్టు 15కీ సందర్శకుల పాసులు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా లేవని ముందే చెప్తారు, విమానం మెట్ల దగ్గర ఇంకోసారి సంచీలు చూస్తారు. బాగానే ఉంది. కానీ ఈ ఊళ్లో బాంబులకి చచ్చిపోయిన వాళ్లు విమానాశ్రయంలో చచ్చిపోలేదు. 2007లో మక్కా మసీదులో శుక్రవారం నమాజుకి వచ్చి చచ్చిపోయారు. అదే ఏడాది ఆగస్టు 25న, లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తూ, కోఠీలో గోకుల్ చాట్ దగ్గర ప్లేటు పట్టుకుని, 40 మందికి పైగా పోయారు. ఆ రాత్రే దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్ ఓవర్ బ్రిడ్జి దగ్గర పేలని బాంబు ఇంకొకటి దొరికింది. సరిగ్గా ఆ దిల్‌సుఖ్‌నగర్‌లోనే 2013 ఫిబ్రవరి 21న సైకిళ్ల మీద పెట్టి పేల్చారు, 107 బస్టాపు దగ్గర ఒకటి, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర ఒకటి. అప్పుడు మేం సరూర్‌నగర్‌లో ఉండేవాళ్లం. మా ఆయన ఆ రోజు జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే రోజూ ఏడింటికి ఆ బస్టాపులోనే దిగేవాడు. రెండు రోజుల ముందే రాష్ట్రాలన్నిటికీ హెచ్చరిక పంపామని అప్పటి కేంద్ర హోంమంత్రి షిండే గారు ఆ రాత్రే చెప్పారు. పంపారు సరే. 107 బస్టాపులో నిలబడ్డవాళ్లకి ఎవరు పంపాలి?

మనకి లేనిదేముంది? ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే రాష్ట్ర పోలీసుల ఆక్టోపస్ కమెండోలున్నారు, కేంద్ర కమెండోల ఎన్ఎస్‌జీ హబ్ ఉంది, బంజారాహిల్స్‌లో ఆకాశాన్నంటే కమాండ్ కంట్రోల్ సెంటరుంది. 2025 మే 7న సాయంత్రం 4 గంటలకి సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. మా ఆఫీసులో అందరూ దాక్కోవడం మానేసి కిటికీ దగ్గరికొచ్చి వీడియోలు తీశారు. నేనూ తీశాను, అబద్ధమెందుకు.

ఇక కెమెరాలు. అమ్మో, ఈ మాట ఎత్తకూడదనుకున్నా. దిల్‌సుఖ్‌నగర్ తర్వాత అదే ఏడాది చట్టం తెచ్చారు, 100 మంది పోగయ్యే ప్రతి చోటా కెమెరాలు పెట్టాలి, 30 రోజుల రికార్డింగు దాచాలి అని. తర్వాత 'నేను సైతం' అని కాలనీల వాళ్ల చేత పెట్టించారు. మా అపార్ట్‌మెంటులో ఇంటికి పదిహేను వందలిచ్చాం. మూడో నెలలో నా స్కూటీ పోయింది, ఆ కెమెరా కిందే. స్టేషన్‌కి పరిగెత్తాను. "కెమెరా పని చేస్తలేదమ్మా" అన్నారు. మా వాచ్‌మన్ నిచ్చెనెక్కి చూస్తే కెమెరా భేషుగ్గా పని చేస్తోంది, కాకపోతే వేపచెట్టు వైపు తిరిగి ఉంది. నెల రోజుల వేపాకు రికార్డింగు భద్రంగా ఉంది! నా స్కూటీ ఈరోజుకీ దొరకలేదు. ఎఫ్ఐఆర్ కాపీ కోసం తిరిగిన తిరుగుడు గురించి ఇంకో పోస్టు రాయాలి. ఆ ఎస్సైగారు "చలానాలేమైనా పెండింగున్నాయా?" అని అడిగారు, బండి పోయినదానికి! వాటికి మాత్రం ఫొటో స్పష్టంగా వస్తుంది, హెల్మెట్ బకిల్ పెట్టుకున్నానో లేదో కూడా కనిపిస్తుంది.

సరే, సంచీ సంగతి. కానిస్టేబులు అవన్నీ మళ్లీ లోపల కుక్కి, జిప్పు పెట్టి, నా చేతిలో పెట్టాడు. "మీరే ఇచ్చెయ్యుండ్రి మేడమ్, చీటీ మీద నంబరుంది కదా, మాకు మల్ల పంచనామా అదీ ఇదీ ఉంటది." బైకెక్కి వెళ్లిపోయారు. ఆ ఫోన్ నంబరు స్విచాఫ్.

ఇప్పుడా సంచీ మా టీపాయి మీదుంది. మా ఆయన దూరంగా కూర్చుని "ఎందుకు తెచ్చావే ఇంట్లోకి" అంటున్నాడు. పులిహోర పాడైంది, పారేసి డబ్బా కడిగి బోర్లించాను. జాకెట్టు ముక్కలు ఒకటి ముదురాకుపచ్చ, ఒకటి మెరూన్. ఎవరివైనా చీటీ మీద నంబరు చెప్పి పట్టుకెళ్లండి. పదింటిలోపు రండి, తర్వాత మా వాచ్‌మన్ గేటు తీయడు. హై అలర్ట్ కదా.